బీఏ టూ ప్లస్: ఆ ఐదు బటన్ల కింద ఉన్నవి కూడా వాడండి

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ బీఏ టూ ప్లస్ ఫైనాన్షియల్ కాలిక్యులేటర్ గురించి ఎవరిని అడిగినా ఎన్, ఐ బై వై, పీవీ, పీఎంటీ, ఎఫ్‌వీ (కాలం, వడ్డీ రేటు, నేటి విలువ, వాయిదా, చివరి విలువ) అనే ఒక్క వరస గురించే చెప్తారు. ఇక్కడ విశాఖ ద్వారకానగర్‌లో చదువుకునే పిల్లలు కూడా ఆ ఐదు బటన్లతో ఒక ఈఎంఐ కట్టడం వస్తే చాలు, మెషిన్ వచ్చేసినట్టే అనుకుంటారు. నేను దీన్ని చాలాకాలంగా వాడుతున్నాను, సాయంత్రాలు ఫైనాన్స్ లెక్కలు చెప్తుంటాను. నా మటుకు దీని అసలు విలువంతా ఆ వరస కింద ఉన్న మ్యాథ్ బటన్లలో ఉంది. రూట్, స్క్వేర్, వన్ బై ఎక్స్, వై పవర్ ఎక్స్, అన్నిటికంటే ముఖ్యంగా ఎల్ఎన్, అంటే సహజ లాగరిథమ్ బటన్.

ఒక ఉదాహరణ చెప్తాను, మీ పోస్టాఫీసులోనే సరిచూసుకోవచ్చు. కిసాన్ వికాస్ పత్రం మీద 2023 ఏప్రిల్ నుంచి వడ్డీ 7.5 శాతం, 115 నెలల్లో డబ్బు రెట్టింపు అంటారు. ఈ 115 ఎలా వచ్చింది? 2 కొట్టి ఎల్ఎన్, భాగహారం, 1.075 కొట్టి ఎల్ఎన్, ఈక్వల్ టు. 9.5844 సంవత్సరాలు వస్తుంది, దాన్ని 12తో గుణిస్తే 115.01. అంతే! రెట్టింపు కాదు, మూడింతలు ఎప్పుడవుతుందో కావాలంటే మొదటి 2 బదులు 3 కొట్టండి చాలు. ఒక్కసారి ఇది చేతికి వస్తే ఫార్ములా బట్టీ పట్టే టెన్షన్ ఉండదు.

ఇదే లెక్క ఇంకో ఫైనాన్షియల్ కాలిక్యులేటర్ అయిన హెచ్‌పీ 12సీలో ఎన్ బటన్‌తో చేస్తే జవాబు 10 అని వస్తుంది, ఎందుకంటే అది ఎన్‌ను పై పూర్ణ సంఖ్యకు సర్దేస్తుంది. అది 1981 నుంచి ఉన్న మెషిన్, ఈక్వల్ టు బటనే ఉండదు, అంకెలు ముందు, గుర్తు తర్వాత. మంచిదే, నాకు గౌరవం ఉంది. కానీ దాంట్లో కూడా కచ్చితమైన కాలం కావాలంటే నీలం జీ బటన్ నొక్కి ఎల్ఎన్ దగ్గరికే పోవాలి. సీఎఫ్ఏ అనే పెట్టుబడుల విశ్లేషణ పరీక్షలోకి ఈ రెండు కుటుంబాలనే రానిస్తారు కాబట్టి ఏది కొన్నా ఎల్ఎన్ నేర్చుకోక తప్పదు.

ఇక స్థలాల లెక్క. మధురవాడ వైపు 12 లక్షలకు కొన్న స్థలం 11 ఏళ్ళకు 40 లక్షలు పలికిందనుకోండి, మూడింతలు దాటిందని సంబరపడేముందు 40 భాగించు 12 ఈక్వల్ టు, వై పవర్ ఎక్స్, 11, వన్ బై ఎక్స్, మైనస్ 1 ఈక్వల్ టు కొట్టండి. 0.1157 వస్తుంది, అంటే ఏడాదికి 11.57 శాతం చక్రవడ్డీ. రిజిస్ట్రేషన్ ఖర్చులు తీయకముందు మాట ఇది.

ఇప్పుడు కొత్తగా కొన్నవాళ్ళు తప్పకుండా చేయాల్సిన పని. ఈ కాలిక్యులేటర్ డబ్బాలోంచి తీసేసరికి చైన్ పద్ధతిలో ఉంటుంది, అంటే మీరు కొట్టిన వరసలోనే లెక్క చేసుకుంటూ పోతుంది, గుణకార భాగహారాలు ముందు చేయాలన్న బడి నియమం పాటించదు. హోమ్ లోన్ వడ్డీ 8.5 శాతం, నెలనెలా చక్రవడ్డీ అనుకుని 1 ప్లస్ 0.085 భాగించు 12 కొడితే, చైన్‌లో ముందు కూడిక అయిపోయి 0.0904 అనే అర్థం లేని అంకె వస్తుంది. రావాల్సింది 1.0071. సెకండ్ బటన్ నొక్కి ఫార్మాట్‌లోకి వెళ్ళి, కింది బాణంతో చివరిదాకా దిగి, సెకండ్, సెట్ నొక్కితే ఆ బడి నియమం పాటించే ఏఓఎస్‌కు మారుతుంది. మారాక అదే లెక్క కొట్టి, ఈక్వల్ టు నొక్కి, వై పవర్ ఎక్స్ 12 ఈక్వల్ టు చేస్తే 1.0884. ఏడాదికి అసలు పడే వడ్డీ 8.84 శాతం అన్నమాట. వడ్డీ రేట్లు మార్చే ఐకాన్వ్ వర్క్‌షీట్‌లో వేసి చూసినా ఇదే వస్తుంది, నేను పిల్లల చేత రెండు దారుల్లోనూ చేయిస్తాను. అసలు ఇలాంటి మెషిన్‌కు చైన్‌ను ఎందుకు మొదటి సెట్టింగ్‌గా పెట్టారో నాకు నచ్చని విషయం, దీనికి ఒక స్టార్ తగ్గిస్తున్నాను.

అదే ఫార్మాట్‌లో దశాంశాలు కూడా రెండే ఉంటాయి. 1.075కి ఎల్ఎన్ నొక్కితే 0.07 అని చూపిస్తుంది, కంగారు పడకండి, లోపల 13 అంకెల దాకా దాచుకునే ఉంటుంది. 9 పెట్టుకుంటే తెర మీద పట్టినంతా కనిపిస్తుంది. తెర మీది అంకెతోనే ముందుకు పోవాలంటే రౌండ్ అని వేరే ఉంది, పైసలు సర్దాల్సిన చోట పనికొస్తుంది.

మిగతావి త్వరగా చెప్తాను. సెకండ్ నొక్కితే ఈ పవర్ ఎక్స్ (ఎల్ఎన్‌కు తిరగేసిన లెక్క), ఫ్యాక్టోరియల్, ఎన్‌సీఆర్, ఎన్‌పీఆర్ (కాంబినేషన్లు, పర్ముటేషన్లు) అన్నీ ఉన్నాయి. 0.08కి ఈ పవర్ ఎక్స్ తీస్తే 1.0833, అంటే క్షణక్షణం చక్రవడ్డీ పడితే లక్షకు ఏడాదిలో 8,328 రూపాయల పైచిలుకు. జవాబులు దాచుకోవడానికి స్టోర్‌లో పది గదులు, సున్నా నుంచి 9 దాకా. పది ఆధారంగా ఉండే లాగ్ బటన్ మాత్రం లేదు, ఎల్ఎన్ తీసి 10 ఎల్ఎన్‌తో భాగించుకోవాలి. కొట్టిన లెక్కంతా తెర మీద కనిపించదు, ఒక్క అంకే కనిపిస్తుంది, పొడుగు లెక్కల్లో ఇది పెద్ద లోటే.

సీఏ చదివేవాళ్ళు మాత్రం దీన్ని పరీక్షకు తీసుకెళ్ళలేరు, వాళ్ళకు 12 అంకెల మామూలు కాలిక్యులేటరే. రూట్ 12 సార్లు నొక్కి, ఒకటి తీసేసి, ఘాతంతో గుణించి, ఒకటి కలిపి, మళ్ళీ 12 సార్లు వర్గం చేసుకుంటూ వచ్చే ఆ పిల్లల ఓపిక చూస్తే నాకు నిజంగా ముచ్చటేస్తుంది. చివరి దశాంశాల్లో కాస్త తేడా వస్తుంది గానీ పని జరుగుతుంది.

కొనడం సంగతికొస్తే, జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు ఫైనాన్షియల్ కాలిక్యులేటర్ అని ఊరికే అడిగితే సైంటిఫిక్‌ది చేతిలో పెట్టే అవకాశం ఉంది, మోడల్ పేరు చెప్పి అడగండి. బ్యాటరీ సీఆర్ 2032, ఎక్కడైనా దొరుకుతుంది. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్ళు మూత వేసి పెట్టుకోండి, ఉప్పుగాలి ఏ వస్తువునూ వదలదు. ప్రొఫెషనల్ అని ఖరీదైన మోడల్ ఇంకొకటి ఉంది, దాంట్లో ఎంఐఆర్ఆర్ (ప్రాజెక్టు రాబడి రేటు), పేబ్యాక్ (పెట్టుబడి తిరిగొచ్చే కాలం), మాడిఫైడ్ డ్యూరేషన్ (వడ్డీ మారితే బాండు ధర ఎంత కదులుతుందనే కొలత) లాంటివి అదనం. మ్యాథ్ బటన్లు రెండిటిలోనూ అవే కాబట్టి ప్రాజెక్టులూ బాండ్లూ రోజూ చూసే ఉద్యోగమైతే తప్ప మామూలుది తీసుకోండి. ఐదుకు నాలుగు స్టార్లు.