ఏఆర్-15 పాలిమర్ లోయర్: నా తుపాకిలో పగిలింది ఆ వెనక రింగే

కొన్న కొత్తలో నన్నడిగిన వాళ్లందరికీ ఏఆర్-15 రైఫిల్‌కు పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) లోయరే, అంటే ట్రిగ్గరు, మ్యాగజైన్ పట్టే కింది భాగమే, తీసుకోమని చెప్పాను. చేతికి తేలిక, టెక్సస్ ఎండలో లోహంలా చుర్రుమనదు, గీత పడినా నలుపు పోదు. ఇవన్నీ ఇప్పటికీ నిజమే. కాకపోతే వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే అల్యూమినియం లోయర్ కంటే తగ్గింది ఇంచుమించు వంద గ్రాములు. ఆ వంద గ్రాములకు నేనేం చెల్లించానో రెండేళ్లకు గానీ తెలియలేదు.

గ్రీన్ కార్డు వచ్చాక నేను కొన్న మొదటి తుపాకి ఇది. తెలిసినాయన రాంచ్‌లో అడవి పందుల బెడద. చిత్తూరు జిల్లాలో మా వేరుశనగ చేను ఒక్క రాత్రిలో ఎలా కుళ్లగించేవో చిన్నప్పుడు చూశాను కాబట్టి, ఆయన పిలిచినప్పుడల్లా వెళ్తాను.

ఒక జనవరి తెల్లవారుజామున, ట్రక్కుకు ఆనించిన ఖాళీ రైఫిల్ జారి, భుజానికి ఆనించే స్టాక్ ముందుగా తగిలేలా కంకర మీద పడింది. నడుమెత్తు నుంచి కూడా కాదు. తుడిచి చూస్తే ఏమీ కనిపించలేదు. రెండు వారాల తర్వాత రేంజ్‌లో చెంప ఆనించగానే స్టాక్ కొద్దిగా కదిలింది. స్టాక్ తొడిగే గొట్టాన్ని పట్టి ఉంచే కాజిల్ నట్ వదులైందనుకుని బిగించాను. పది రౌండ్లు కాల్చేసరికి మళ్లీ అదే కదలిక. ఇక కాల్చడం ఆపేసి ఇంటికొచ్చాను.

ఫ్యాక్టరీలో వెల్డింగులు పరీక్షించే పద్ధతే ఇంట్లో చేశాను. స్టాక్ విప్పి, లోయర్ వెనకున్న రింగు చుట్టూ పల్చటి నూనె రాసి, పూర్తిగా తుడిచేసి, పైన టాల్కమ్ పౌడర్ చల్లాను. ఐదు నిమిషాలకు ఆ తెల్లటి పొడి మీద వెంట్రుకంత సన్నని తడి గీత తేలింది. గొట్టం బిగిసే మరల (స్క్రూ చుట్ల) దగ్గర మొదలై రింగు కింద సగం దాకా పాకింది. అది చూడగానే ఒళ్లు ఝల్లుమంది.

దీని కారణం ఆ నిర్మాణంలోనే ఉంది. కాల్చినప్పుడు తూటా వెనక మూసే బోల్ట్ లాక్ అయ్యేది బ్యారెల్ వెనక భాగంలో. అందుకే ఆ ఒత్తిడి లోయర్ దాకా రాదు, అందుకే పాలిమర్‌తో చేసినా పని చేస్తుంది. కానీ స్టాక్ తొడిగే ఆ గొట్టాన్ని, అంటే బఫర్ ట్యూబ్‌ను, మరలతో బిగించేది లోయర్ వెనక రింగులోకి. స్టాక్ దేనికైనా గుద్దుకుంటే జానెడు ట్యూబ్ గునపంలా ఆ సన్నని రింగును పెకలిస్తుంది. యూజీన్ స్టోనర్ 1950ల్లో ఈ ఆకారం గీసింది అల్యూమినియం కోసం. అదే కొలతల్లో ప్లాస్టిక్ పోస్తే ఆ రింగుకు బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? స్టాక్‌తో కలిపి ఒకే ముక్కగా పోసిన పాలిమర్ రకాలున్నాయి. వాటిలో ఈ మరల రింగే ఉండదు కాబట్టి నా ఫిర్యాదు వాటికి వర్తించదు.

కింద పడితే వారంటీ లేదంది కంపెనీ. అమెరికా చట్టంలో లోయరే తుపాకి కాబట్టి, డీలర్ దగ్గర మళ్లీ ఫారం, మళ్లీ బ్యాక్‌గ్రౌండ్ చెక్. ఈసారి 7075-టీ6 అనే గట్టి అల్యూమినియంతో చేసిన ఫోర్జ్‌డ్ (అచ్చులో ఒత్తి మలచిన) లోయర్ తీసుకున్నాను. నాలుగేళ్లయింది, రెండుసార్లు పడింది కూడా. పౌడర్ పరీక్షలో గీత లేదు. పిన్నుల రంధ్రాల దగ్గర నలుపు అరిగి వెండిరంగు కనిపిస్తోంది, అంతే. దీనికీ ఒక బలహీనత ఉంది: ట్రిగ్గర్ గార్డు పట్టే చెవులు. కింద చెక్క ఆనించకుండా పిన్ను కొడితే పుటుక్కున విరుగుతాయి. నా స్నేహితుడికి అలాగే అయింది.

నాలా రాళ్లలో తిరగకుండా, రేంజ్‌లో బల్ల మీద పెట్టి కాగితం టార్గెట్లు కాల్చేవాళ్లకు పాలిమర్ ఎన్నేళ్లయినా రావచ్చు. వాళ్లను మార్చుకోమని నేననను. ఇప్పటికే వాడుతున్నవాళ్లు మాత్రం తుపాకి పడిన ప్రతిసారీ ఆ రింగుకు నూనె రాసి చూడండి.

పగిలిన లోయర్ ఇంకా నా సేఫ్‌లోనే ఉంది. సీరియల్ నంబరున్న ముక్క కాబట్టి చెత్తబుట్టలో వేయలేను.