విద్యార్థులే నడిపిన కళోత్సవం, తప్పకుండా చూడండి

యూనివర్సిటీ విద్యార్థులు సొంతంగా నడిపిన ఈ కళోత్సవంలో నాకు బాగా నచ్చింది వేరువేరు శాఖల వాళ్లు కలిసి చేసిన పనులే. ఫిజిక్స్ వాళ్లు, నాట్యం నేర్చుకునేవాళ్లు కలిసి చేసిన ప్రదర్శన ఒక్కటి చూసినా చాలు: డాన్సర్ల చేతులకి, కాళ్లకి సెన్సర్లు కట్టారు, అడుగు వేగం పెరిగితే స్వరం పైకి వెళ్తుంది, నెమ్మదిస్తే దిగుతుంది, కదలిక ఆగితే శబ్దమూ ఆగుతుంది, అంటే పాటకి ఆడటం కాదు, ఆటే పాటని పుట్టిస్తోంది! 1952లో అమెరికాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీలో సంగీతకారుడు జాన్ కేజ్, డాన్సర్ మెర్స్ కన్నింగ్‌హామ్ వాళ్లు సంగీతం, నాట్యం, కవిత్వం ఒకే హాల్లో ఒకేసారి నడిపించారు, ఆ తెగువ ఈ పిల్లల్లోనూ కనిపించింది.

ఏర్పాట్ల దగ్గరే ఇబ్బంది. పక్క హాల్లో డ్రమ్స్ మోగుతుంటే ఇటు కవితలు చదివించడం అన్యాయం, రెండిటికీ వేరే టైమ్ ఇవ్వాల్సింది. వీడియోలు వేసిన గదిలోకి వెలుతురు వచ్చి బొమ్మ వెలిసిపోయినట్టుంది. చిత్రాల ప్రదర్శన పర్వాలేదు.

వెళ్తే మాత్రం చేసినవాళ్లతో మాట్లాడండి, పక్కనే ఉంటారు, ఏది ఎలా పనిచేస్తుందో విప్పి మరీ చూపిస్తారు.