కరగనివాటికి సిలికాన్ రింగు: ఐదేళ్లు వాడాక

రసాయనాలు నీటి జీవులకు ఎంత విషమో తేల్చడానికి డాఫ్నియా అనే చిన్న నీటి జీవి మీద పరీక్షిస్తాం. పదార్థం నీళ్లలో కరిగితేనే డాఫ్నియాకు అందుతుంది. కరగనిదాన్ని ఎంత పోసినా బీకరు అడుక్కి పోసినట్టే. ఇది తెలిసి కూడా మా ల్యాబ్‌లో చాలాకాలం అసిటోన్‌తోనే నెట్టుకొచ్చాం. ఐదేళ్లుగా మాత్రం ఇలాంటి పరీక్షలు చాలావరకు సిలికాన్ రబ్బరు రింగులతోనే (ఓ-రింగులు) చేస్తున్నాను. దీని అసలు పేరు పాసివ్ డోసింగ్. మేం ‘రింగుల టెస్ట్’ అంటాం.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. డాఫ్నియా మాగ్నాను వాటర్ ఫ్లీ అంటారు గానీ అది ఈగా కాదు, పేనూ కాదు. రొయ్యకు దూరపు చుట్టం. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన 202 నంబరు పద్ధతిలో, పుట్టి 24 గంటలు నిండని పిల్లల్ని ఒక్కో గాఢతకు కనీసం 20 తీసుకుని 48 గంటలు ఉంచుతాం. సీసాను మెల్లగా కదిపాక 15 సెకన్లలో ఈదకపోతే కదలిక లేనట్టే లెక్క, యాంటెన్నా ఆడిస్తున్నా సరే. సగం పిల్లలు అలా ఆగిపోయే గాఢతే ఈసీ50. నీటిలో ఇట్టే కరిగే పొటాషియం డైక్రోమేట్‌తో అయితే ఇదంతా హాయిగా సాగిపోతుంది. ఫినాంత్రీన్ వచ్చిందంటే తలనొప్పి మొదలు, లీటరు నీటిలో అది కరిగేదే సుమారు 1 మిల్లీగ్రాము.

పాత పద్ధతిలో దాన్ని అసిటోన్‌లో కరిగించి, లీటరుకు 0.1 మిల్లీలీటరు మించకుండా మీడియంలో, అంటే డాఫ్నియాను ఉంచే నీళ్లలో, కలిపేవాళ్లం. సాయంత్రం నీళ్లు తేటగా కనిపించేవి. తెల్లారి టార్చి వేసి చూస్తే సన్నని సూదుల్లా స్ఫటికాలు. కొంత గాజుకు అంటుకునేది, కొంత గాల్లో కలిసేది. అసిటోన్ తిని బ్యాక్టీరియా బలిసేది. చివర్లో గాఢత కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో పెడితే, పోసినదాంట్లో పావు వంతు కూడా మిగలని సందర్భాలున్నాయి. అంతకన్నా ఇబ్బంది, ఆ స్ఫటికాలు పిల్లల యాంటెన్నాలకు అతుక్కుని అవి అడుగున పడిపోవడం. ఆపింది విషమా, బరువా? ఎలా చెప్పేది? ఒకసారి కరిగే హద్దుకు మూడు రెట్లు పైన ఈసీ50 తేలింది, అంత పదార్థం నీటిలో కరగనే కరగదు. ‘నీళ్లు తేటగానే ఉన్నాయి కదా మేడమ్’ అన్నాడు మా జూనియర్. ఆ రిపోర్టు నేనే ఆపించాను.

రింగు అలా కాదు. రింగు చెరువైతే సీసాలో నీళ్లు చిన్న పిల్లకాలువ. కాలువలో తగ్గినకొద్దీ చెరువు నింపుతూ ఉంటుంది. రింగులో దాగిన సరుకు నీటిలో ఉన్నదానికి వందల రెట్లు కాబట్టి, గాజు పీల్చినా పిల్లలు పీల్చినా గాఢత పెద్దగా కదలదు. చేసే పద్ధతి చెబుతాను. రింగుల్ని ముందు ఇథైల్ ఎసిటేట్‌లో, తర్వాత మెథనాల్‌లో నానబెట్టి శుభ్రం చేయాలి. ఆపై పదార్థం కలిపిన మెథనాల్‌లో ఊరనివ్వాలి. అడుగున పొడి మిగిలేంత వేస్తే రింగు నిండుగా పీల్చుకుంటుంది, నీటిని కూడా కరిగే హద్దు దాకా తీసుకెళ్తుంది. తక్కువ గాఢతలు కావాలంటే మెథనాల్‌లో పదార్థం తగ్గిస్తూ పోవాలి. తర్వాత రింగుల్ని తుడిచి, మెథనాల్ పోయేదాకా నీళ్లతో కడిగి, మీడియం పోసిన సీసాల్లో వేసి రాత్రంతా షేకర్ మీద పెడతాను. పిల్లల్ని ఉదయం వదులుతాను. మొదటిసారి ఫినాంత్రీన్‌తో ఇలా చేసినప్పుడు, మొదట్లోనూ 48 గంటల చివర్లోనూ తీసిన కొలతలు దాదాపు ఒక్కటే రావడం చూసి నమ్మలేక మరుసటి వారం మళ్లీ చేశాను.

విసిగించేవీ ఉన్నాయి. రింగు కిందికి దూరిన పిల్లను లెక్కపెట్టడం ఓ నరకం. నాలుగున్నాయా, ఐదున్నాయా అని సీసాను వెలుతురుకు ఎత్తి ఎత్తి మెడ పట్టేస్తుంది. పదార్థం ఎక్కువ ఖర్చవుతుంది, కాబట్టి క్లయింట్ చిటికెడు శాంపిల్ పంపితే ఈ దారి మూసుకున్నట్టే. టెస్ట్ మొదలుకు ఓ వారం ముందే పని మొదలెట్టాలి. వాడిన రింగుల్ని మళ్లీ వాడాలని ఒకసారి ఆశపడ్డాను. పాత పదార్థం కొత్త టెస్టులోకి వచ్చి చేరింది. అప్పటినుంచి ఒక పదార్థానికి వాడినవి మరోదానికి ముట్టను. ఫినాంత్రీన్‌కు చుట్టమైన ఆంత్రసీన్‌తో చేసేవాళ్లకు ఇంకో మాట, దాని విషం వెలుతురులో మరీ పెరుగుతుంది. లైట్ల సంగతి ముందే తేల్చుకోండి.

2019లో వచ్చిన ఓఈసీడీ గైడెన్స్ 23 (పరీక్షించడం కష్టమైన పదార్థాల మార్గదర్శిని) రెండో ముద్రణలో ఈ పద్ధతికి చోటుంది కాబట్టి ఆడిటర్లకు చెప్పుకోవడం సులువే. భారత్ 2011లో పరస్పర డేటా ఆమోద ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది. హైదరాబాద్‌లో జీఎల్‌పీ (ల్యాబ్ పనికి నాణ్యతా నియమాలు) కింద చేసిన టెస్టు యూరప్‌లోనూ చెల్లేది అందువల్లే. క్లయింట్లకు నచ్చజెప్పడమే కష్టం. నీటిని హద్దు దాకా నింపినా పిల్లలు హాయిగా ఈదితే, ‘కరిగే హద్దులో ప్రభావం లేదు’ అన్నది పక్కా ఫలితం. వాళ్లకేమో ఏదో ఒక ఈసీ50 అంకె కావాలి.

సబ్బుల్లాంటి సర్ఫెక్టెంట్లకు, అయాన్లుగా విడిపోయేవాటికి, లోహ లవణాలకు దీన్ని వాడకండి. సిలికాన్ వాటిని సరిగా పట్టుకోదు. కిరోసిన్ లాంటి మిశ్రమాలకు నీటిలో కలియదిప్పి తేటను తీసే పాత పద్ధతే నయం. కొత్తగా మొదలెట్టేవాళ్లు ముందు ఫినాంత్రీన్‌తో చేయి తిప్పుకోండి. పదార్థం ఎక్కించని ఖాళీ రింగు, అదే మెథనాల్, అదే కడుగుడు, పోలిక కోసం పెట్టే ఆ కంట్రోల్ సీసాలు మాత్రం ప్రతి టెస్టులో ఉండాలి. నా దగ్గర విఫలమైన మొదటి టెస్టులో పిల్లల్ని చంపింది పదార్థం కాదు, సరిగా కడగని మెథనాలే.