ఒడిశా కోరాపుట్‌లో 21 కిలోమీటర్లు, లాడ్జి గేటుకి తాళం

తెల్లవారుజామున 4:50కి బూట్లు కట్టుకుని, నంబరు కాగితం పిన్నీసులతో గుచ్చుకుని కిందికి దిగితే లాడ్జి గేటుకి తాళం వేసి ఉంది. వరండాలో ముసుగు తన్ని పడుకున్న కుర్రాణ్ణి లేపితే "మాలికొ మనా కొరిఛొంతి" అంటాడు, ఓనరు వద్దన్నాడట. ఆడవాళ్లని ఆరు లోపు బయటికి పంపరట. మా పక్క గదిలో ఇదే హాఫ్ మారథాన్‌కి వచ్చిన ముగ్గురు మగవాళ్లు పావుగంట ముందే వెళ్లిపోయారు. వాళ్లకి తీసిన గేటు మాకు తీయడు, తాళంచెవి చూస్తే వాడి జేబులోనే ఉంది.

గది రోజుకి 1,200, రెండు రోజులకి తీసుకున్నాం. అడ్వాన్సు 500 పంపే ముందే ఐదింటికి గేటు తీయాలని ఫోన్లో రెండుసార్లు చెప్పాను. "టెన్షన్ పడకండి మేడమ్, తీస్తాం" అన్నారు. ఆ మాట నమ్మి మోసపోయాను. గ్రిల్ పట్టుకుని నిలబడిన ఆ 45 నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది, ఎందుకంటే ఆ పొద్దు కోసం నేను పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు.

మాది రాయగడ. ఊళ్లో ఆడమనిషి ట్రాక్ ప్యాంటు వేసుకుని రోడ్డు మీద పరుగెత్తితే చూసేవాళ్లు చూస్తారు, కుక్కలు వెంటపడతాయి, ఎండాకాలం ఆరున్నర దాటితే ఇక పరిగెత్తలేం. అన్నిటికంటే రక్తం నన్ను ఇబ్బంది పెట్టింది. మూడు కిలోమీటర్లకే కళ్లు తిరుగుతుంటే పరీక్ష చేయించాను, హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఆడవాళ్లకి 12 ఉండాలి. మూడు నెలలు ఐరన్ మాత్రలు వాడాను, నిమ్మరసంతో వేసుకుని, టీకి దూరంగా. టీతో వేసుకుంటే ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టదు, ఈ సంగతి తెలియక ఎంతమంది ఆడవాళ్లు ఆయాసమని ఊరుకుంటున్నారో. ఆ తర్వాత ఆదివారం ఆదివారం ఒక్కో కిలోమీటరు పెంచుకుంటూ పోయాను, ఎడమకాలి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది, అయినా నవంబరులో మజ్జిగౌరమ్మ గుడి వైపు మొదలుపెట్టి 18 ఆగకుండా చేసిన రోజు ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేకపోయాను, అంత సంతోషం.

మా ఆయనకి సెలవు దొరక్క వాళ్లక్కని తోడు పంపారు. వదినకి 56 ఏళ్లు. హీరాఖండ్ రైల్లో సొరంగం తర్వాత సొరంగం దాటుతున్నంతసేపూ "ఇద్దరు పిల్లల తల్లివి, ఈ పరుగులేంటే నీకు" అంటూనే ఉంది. ప్రయాణం బాగానే జరిగింది. మధ్యాహ్నం కోరాపుట్‌లోని శబర శ్రీక్షేత్రం గుడిలో జగన్నాథుణ్ణి చూశాక కొంచెం మెత్తబడింది.

అదే వదిన ఆ పొద్దున్న శాలువా కప్పుకుని కిందికొచ్చి ఆ కుర్రాడికి ఒడియాలో చెప్పింది, "మా తమ్ముడి భార్య, పూచీ నాది, మీ ఓనరుకి ఫోన్ కలుపు." ఐదోసారికి ఎత్తాడు. వదిన ఫోన్ లాక్కుని ఏమందో మొత్తం రాయలేను గానీ, గేటు 5:35కి తెరుచుకుంది. పరుగు మొదలయ్యేది ఆరింటికి, అక్కడికి నాలుగు కిలోమీటర్లు. ఆ చలిలో ఆటో దొరకలేదు, సగం దూరం నడిచాక దొరికింది, 150 అడిగాడు, బేరం ఆడకుండా ఎక్కాం.

చేరేసరికి 6:07. అందరూ వెళ్లిపోయారు. ఒక వాలంటీరు పిల్ల పరిగెత్తుకొచ్చి "మ్యాట్ ఇంకా తీయలేదు దీదీ, వెళ్లండి" అంది. నంబరు వెనక అతికించిన చిప్పు మ్యాట్ దాటినప్పటి నుంచే మన టైమ్ లెక్కపెడుతుంది కాబట్టి బతికిపోయాను. కానీ కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది, డిసెంబరు పొద్దున్న ఒళ్లు కొయ్యబారిపోతుంది, వార్మప్ లేకుండా దిగితే మొదటి మూడు కిలోమీటర్లు పిక్కలు రాళ్లలా ఉన్నాయి. నిర్వాహకుల ఏర్పాట్లలో నీళ్లు, అరటిపండ్లు, ఓఆర్ఎస్ బాగున్నాయి. ఫీజు 600కి తగ్గట్టే ఉంది. ఆడవాళ్లకి మాత్రం ఒక్కటే టాయిలెట్, అందులో నీళ్లు లేవు. ఇది క్షమించరాని విషయం, ఫారంలో కూడా రాసి ఇచ్చాను.

సునాబెడ వైపు రోడ్డు, మంచు ఎంతలా ఉందంటే ముందు పరిగెత్తేవాళ్ల బూట్ల చప్పుడు వినిపిస్తుంది, మనుషులు కనపడరు. తొమ్మిదో కిలోమీటరు నుంచి ఒక్కొక్కర్నీ దాటడం మొదలైంది. పదిహేడు దగ్గర చిన్న ఎక్కుడు, ఊపిరి అందలేదు, కాళ్లు మొరాయించాయి. వంద అడుగులు నడిచి, మళ్లీ వంద పరిగెత్తి అలా పైకి చేరాను. మొత్తం పరుగుకి 2 గంటల 34 నిమిషాలు. పోయిన ఏడాది 2:51.

అసలు రుచి ఆ తర్వాత. రోడ్డు పక్కన ఒక ఆదివాసీ ముసలమ్మ మట్టికుండతో కూర్చుంది. ఇక్కడ మాండియా పేజ్ అంటారు, మనకి చోడంబలి, అంటే రాగి అంబలి. కుండ మీద ఆకు తీసి, సొరకాయ బుర్ర గరిటెతో అడుగు నుంచి రెండుసార్లు కలిపి ఆకు దొప్పలో పోసింది, కాస్త పులిసిన వాసన, ఉప్పు, కొరుక్కోడానికి పచ్చిమిరపకాయ. దొప్ప 10 రూపాయలు. నేను మూడు తాగాను. ఆ ఉప్పూ పులుపూ గొంతులోంచి దిగుతుంటే ఒళ్లంతా తేరుకుంది. వదిన ఒకటి తాగి, ఇంకోటి పోయించుకుని, "మా అమ్మ చేసినట్టే ఉంది" అంది. ముసలమ్మ నా మెడలో పతకం పట్టుకుని రెండు వైపులా తిప్పి చూసి, ఇంకో గరిటె ఊరికే పోసింది.

లాడ్జిలో బకెట్ వేడినీళ్లకి 40 అడిగారు, ఇచ్చాం. ఖాళీ చేసేటప్పుడు గంట ఆలస్యమైందని 300 పట్టుకున్నారు, రసీదు ఇవ్వలేదు. ఆడవాళ్లు వెళ్తే పరుగు మొదలయ్యే చోటికి నడిచి వెళ్లేంత దగ్గర్లోనే గది చూసుకోండి, ఓనరు మాట నమ్మకుండా రాత్రి తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో అడిగి ఆ మనిషి నంబరు తీసుకోండి.

తిరుగు రైల్లో వదిన నా బూటు చేతిలోకి తీసుకుని అడుగు భాగం నొక్కి చూసింది. ఎంతయిందని అడిగింది. 3,200 అన్నాను. తన సైజు ఆరు అని చెప్పింది.