కళ్లజోడా, కాంటాక్ట్ లెన్సా?

చిన్నపిల్లలకైతే నా ఓటు కళ్లజోడుకే. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ అద్దాలు తీసుకుంటే బంతి తగిలినా అంత తేలిగ్గా పగలవు. పవర్ మారితే అద్దాలు మారిస్తే సరి.

పవర్ ఎక్కువున్న పెద్దవాళ్ల సంగతి వేరు. మైనస్ 8 అద్దంలోంచి చూస్తే వస్తువులు చిన్నగా, అంచుల్లో వంకరగా కనిపిస్తాయి. లెన్స్ అయితే కంటి మీదే కూర్చుని కంటితోపాటే తిరుగుతుంది కాబట్టి ఆ ఇబ్బంది బాగా తగ్గుతుంది. ఆటల్లో, వానలో హాయి కూడా.

కానీ లెన్స్ పెట్టుకునేవాళ్లకు బద్ధకం పనికిరాదు. చేతులు సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకోవాలి. లెన్స్‌ని కుళాయి నీళ్లతో కడగనే కూడదు. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాకి, అంటే కంటి ముందుండే పారదర్శక పొరకి, పట్టిందంటే వదిలించడం మహా కష్టం. లెన్స్ డబ్బాలో నిన్నటి సొల్యూషన్ (లెన్స్ నానబెట్టే ద్రవం) పారబోసి కొత్తది పోయాలి, పైన కాస్త కలిపి సరిపెట్టడం కాదు. లెన్స్‌తోనే నిద్రపోవడం మరీ ప్రమాదం. కన్ను ఎర్రబడి నొప్పి పుడితే వెంటనే తీసేసి డాక్టర్‌కి చూపించుకోవాలి, ఆ కొన్నాళ్లకైనా ఇంట్లో ఒక కళ్లజోడు ఉండాల్సిందే.