ఈమ్యాక్స్‌లో ఏ ప్రాజెక్టు పైథాన్ దానికే: ఎన్వ్‌ఆర్‌సీ ప్యాకేజీ

ఒక విండోలో పైథాన్ 3.9 మీద నడిచే పాత ప్రాజెక్టు, పక్క విండోలో 3.12తో కొత్తది. ఈమ్యాక్స్ అనే కోడ్ ఎడిటర్‌లో ఈ రెండూ కలగాపులగం కాకుండా చూడటమే ఎన్వ్‌ఆర్‌సీ పని. స్టీవ్ పర్సెల్ రాసిన ఈ చిన్న ప్యాకేజీ డైరెన్వ్ (ఏ ఫోల్డర్‌కి ఆ సెట్టింగులు పెట్టే టూల్) ఇచ్చే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని ఏ బఫర్‌కి (అంటే ఈమ్యాక్స్‌లో తెరిచిన ఫైల్‌కి) ఆ బఫర్‌కే పెడుతుంది. పాతదైన డైరెన్వ్-మోడ్ అలా కాదు, ఈమ్యాక్స్ మొత్తానికీ ఒకే పాత్ (ప్రోగ్రామ్‌ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) పెట్టి, బఫర్ మారినప్పుడల్లా దాన్నే మారుస్తుంది. అవతలి ప్రాజెక్టు ఫైల్లో ఉండగా ఇవతలి లాంగ్వేజ్ సర్వర్ (కోడ్‌లో తప్పులు, సూచనలు చూపే ప్రోగ్రామ్) రీస్టార్ట్ అయిందంటే తప్పు పైథాన్‌తో లేస్తుంది.

ప్రాజెక్టు ఫోల్డర్‌లో డాట్ ఎన్వ్‌ఆర్‌సీ (.envrc) ఫైల్ పెట్టి, 'లేఅవుట్ పైథాన్ పైథాన్3.9' అని ఒక్క లైను రాయండి. టెర్మినల్‌లో 'డైరెన్వ్ అలౌ' కొడితే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టుకే విడిగా ఉండే పైథాన్) తయారవుతుంది. ఇక ఈమ్యాక్స్ మొదలవగానే చదివే ఇనిట్ ఫైల్‌లో ఎన్వ్‌ఆర్‌సీ-గ్లోబల్-మోడ్ ఆన్ చేయాలి, అదీ అన్నిటికన్నా చివర. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ప్రతి గ్లోబల్ మోడూ (అన్ని బఫర్లకీ వర్తించే మోడ్) హుక్ వరసలో, అంటే బఫర్ తెరవగానే నడిచే పనుల జాబితాలో, ముందుకొచ్చి చేరుతుంది కాబట్టి, ఆఖర్న ఆన్ చేసిందే ముందు నడుస్తుంది. పైన ఎక్కడో పెట్టేస్తే కోడ్‌లో తప్పులు పట్టే ఫ్లైచెక్ ముందే లేచి సిస్టమ్ పైథాన్‌ని పట్టుకుంటుంది.

మ్యాక్‌లో డాక్ నుంచి ఈమ్యాక్స్ తెరిస్తే షెల్ పాత్ రాదు, డైరెన్వే దొరకదు. ఎగ్జెక్-పాత్-ఫ్రమ్-షెల్ అనే ప్యాకేజీ వేసుకోక తప్పదు.

విండో అడుగున ఉండే మోడ్‌లైన్‌లో 'ఆన్' అని ఉంటే సరే. 'ఎర్రర్' అంటే చాలాసార్లు డాట్ ఎన్వ్‌ఆర్‌సీ మారిపోయి, మళ్లీ అనుమతి అడుగుతోందన్నమాట. గిట్ పుల్ తర్వాత ఇది మామూలే. ఆ ఫైల్ షెల్ స్క్రిప్టు, ఏమైనా చేయగలదు కాబట్టి ఓసారి చదివి ఎన్వ్‌ఆర్‌సీ-అలౌ ఇవ్వండి. అంతటితో అయిపోలేదు, అప్పటికే నడుస్తున్న సర్వర్ దగ్గర పాత వేరియబుల్సే ఉంటాయి. లాంగ్వేజ్ సర్వర్‌ని నడిపే ఎగ్లాట్ వాడుతుంటే ఎగ్లాట్-రీకనెక్ట్ కూడా కొట్టాలి.

లోపం లేకపోలేదు. కొన్ని ప్యాకేజీలు తాత్కాలిక బఫర్ తెరిచి అందులోంచి ప్రోగ్రామ్ నడుపుతాయి. ఆ బఫర్‌కి మన వేరియబుల్స్ అందవు, దాంతో ఫార్మాటర్ (కోడ్‌ని చక్కగా సర్దే ప్రోగ్రామ్) 'దొరకలేదు' అంటుంది. ఇన్హెరిటెన్వ్ అనే తోడు ప్యాకేజీతో ఆ ప్రోగ్రామ్‌ని నడిపే ఫంక్షన్‌కి అడ్వైస్ (దాని పనితీరుని మార్చే అదనపు కోడ్) తగిలిస్తే సర్దుకుంటుంది, కానీ ఏ ఫంక్షనో వెతుక్కోవాల్సింది మనమే. షెల్ ఏలియాస్‌లు (కమాండ్‌లకి పెట్టుకునే పొట్టి పేర్లు) మాత్రం ఎలాగూ రావు, డైరెన్వ్ పంపేది వేరియబుల్స్‌ని మాత్రమే.