మూడు వందల టికెట్టు, ఇద్దరు వీసీలు: ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్ వాక్

ఆదివారం పొద్దున ఆరున్నరకల్లా రమ్మన్నారు. నేనూ మా మనవరాలూ ఆరుంబావుకే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాం. వాక్ మొదలయ్యేసరికి ఏడు దాటి పది నిమిషాలు. ముప్పై నాలుగేళ్లు కాలేజీ ఆఫీసులో చేసి సూపరింటెండెంటుగా రిటైరైనదాన్ని, ఆలస్యం రాసుకోకుండా ఉండలేను.

మనిషికి మూడు వందలు. క్యాంపస్ కట్టడాలు, వాటిని నడిపిన పెద్దల కథలు రెండున్నర గంటల్లో చూపిస్తామన్నారు. పదహారు మందిమి పోగయ్యాం. గైడు కుర్రాడి గొంతు బాగుంది, నడుముకు కట్టుకున్న స్పీకరే బాగాలేదు. సముద్రం వైపు నుంచి గాలి కొట్టినప్పుడల్లా అందులోంచి గాలే వినిపించింది.

సి.ఆర్. రెడ్డి స్నాతకోత్సవ మందిరం దగ్గర మా మనవరాలు అడిగింది: "పెద్ద పదవి ఛాన్సలర్‌ది కదా, మరి అన్నీ వైస్ ఛాన్సలర్ల కథలే చెబుతున్నారేంటి?" "ఛాన్సలర్ అంటే గౌరవ పదవండీ" అని గైడు దాటేశాడు. వాక్ మొత్తంలో నాకు నచ్చని జవాబు ఇదొక్కటే. గవర్నరే ఛాన్సలర్, స్నాతకోత్సవానికి వచ్చి కూర్చునేది ఆయనే, రోజూ బండి లాగేది వీసీ. ఇది విడమరిచి చెప్పకపోతే ఈ సి.ఆర్. రెడ్డిగారి, అంటే కట్టమంచి రామలింగారెడ్డి కథలో అసలు పట్టే దొరకదు.

ఎందుకంటే 1926లో బెజవాడలో యూనివర్సిటీ పుట్టినప్పుడు ఛాన్సలర్ మద్రాసు గవర్నర్ గోషెన్ ప్రభువు, తొలి వీసీ రెడ్డిగారు. కేంబ్రిడ్జిలో చదివి, మైసూరులో విద్యాశాఖ నడిపి వచ్చిన మనిషి. చేతికొచ్చింది సొంత కప్పు లేని యూనివర్సిటీ. కేంద్రం బెజవాడా, రాజమండ్రా, విశాఖలోని ఈ వాల్తేరా అని ఊళ్ల మధ్య పెద్ద రచ్చ. వాల్తేరు ఖాయమయ్యేసరికి దత్తమండలాల (రాయలసీమ) వాళ్లు మద్రాసు యూనివర్సిటీ వైపే ఉండిపోయారు. 1930లో మకాం వాల్తేరుకు మారింది. ఆ ఏడాదే ఉప్పు సత్యాగ్రహం. ప్రభుత్వ దమనకాండకు నిరసనగా ఆయన రాజీనామా రాశారు. ఆ ప్రభుత్వానికి పెద్ద ఎవరు? గవర్నరు. యూనివర్సిటీకి ఛాన్సలర్ ఎవరు? ఆ గవర్నరే. నాలుగేళ్లు చేత్తో పెంచిన సంస్థను, ఇల్లు కుదిరిన సంవత్సరమే వదిలి వెళ్లిపోవడం! నా సర్వీసులో రాజీనామా లేఖలు చాలా చూశాను. అన్నిట్లోనూ 'వ్యక్తిగత కారణాల వల్ల' అనే ఉండేది. గైడు దీన్ని ఒక్క ముక్కలో తేల్చేసి ఫొటోలకు టైమిచ్చాడు.

తర్వాత వీసీ సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి భాగం మాత్రం బాగా చెప్పాడు. 1931 నుంచి 1936 దాకా అయిదేళ్లు. ఎవర్ని తేవాలో తెలిసిన వీసీ అని గైడే అన్నాడు, నిజమే. పాతికేళ్లు కూడా నిండని సూరి భగవంతంగారిని భౌతికశాస్త్రానికి తెచ్చారు, రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రిగారిని. తర్వాత పార్లమెంటుకు వెళ్లిన హిరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ కూడా ఇక్కడ పాఠాలు చెప్పినవాళ్లే. డబ్బు సంగతికొస్తే జయపురం (ఒడిశా) మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలిచ్చారు. ఆ రోజుల్లో లక్ష!

యూనివర్సిటీ ముద్ర దగ్గర ఎక్కువసేపు ఆగాం. ఉదయించే సూర్యుడు, తామర, స్వస్తిక, అటూ ఇటూ రెండు పాములు, 'తేజస్వినావధీతమస్తు' (మన చదువు తేజస్సుతో వెలగాలి) అనే మాట. గీసింది కౌతా రామమోహన శాస్త్రి. పాములు జ్ఞానాన్ని వెతికేవాళ్లకూ కాపాడేవాళ్లకూ గుర్తట. మా కాలేజీకి వచ్చే ప్రతి మార్కుల జాబితా మీదా ఇన్నేళ్లు ఆ పాముల్ని చూశాను గానీ ఎందుకున్నాయని ఒక్కనాడూ అడగలేదు. మూడు వందల్లో వంద ఇక్కడే గిట్టింది.

1936లో రెడ్డిగారు మళ్లీ వీసీగా వచ్చి 1949 దాకా ఉన్నారు. నేను ఎదురుచూసింది ఈ పదమూడేళ్ల కోసం. 1942 ఏప్రిల్లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి, యూనివర్సిటీని గుంటూరుకు తరలించారు. గైడు "షిఫ్ట్ చేశారు" అని ముందుకు నడిచాడు. నాకు కాళ్లు కదల్లేదు. మా ఆఫీసు పక్క బిల్డింగులోకి మారినప్పుడు రిజిస్టర్లు గోనెసంచుల్లో కుక్కి, పురికొస కట్టి, సంచికో చీటీ కట్టాం. అయినా రెండు అడ్మిషన్ రిజిస్టర్లు వారం రోజులు దొరకలేదు. ఇక్కడ ఒక యూనివర్సిటీని యుద్ధంలో, రైళ్లే దిక్కైన రోజుల్లో, గుంటూరు దాకా! దాని మీద పది నిమిషాలు చెప్పొచ్చు కదా బాబూ అంటే, "స్క్రిప్టులో లేదండీ" అన్నాడు పాపం.

వి.ఎస్. కృష్ణా లైబ్రరీ బయటనుంచే చూపించారు. దారిలో మంచినీళ్లు ఇవ్వలేదు, బాత్రూం ఎక్కడో చెప్పలేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మధ్యలో కూర్చునే చోటు ఒక్కటే.

అయిదుకు మూడున్నర ఇస్తున్నాను. ఆ అర, పాములకు. వెళ్లేవాళ్లు నీళ్ల సీసా పట్టుకెళ్లండి, గైడుకు గాలి రాని వైపు నిలబడండి. గుంటూరు సంగతి మీరూ అడగండి, నలుగురు అడిగితే స్క్రిప్టులోకి వస్తుందేమో.